మంచు కనుమను బైకుపై ఒంటరిగా దాటే ముందు జాగ్రత్తలు

కనుమ తెరిచి ఉందో లేదో తెలుసుకొని, ఏ దారిన వెళ్తున్నారో, ఏ వేళకు ఫోన్ చేస్తారో, చేయకపోతే ఎవరికి కబురు పంపాలో నమ్మకమైన ఒకరికి రాసి ఇవ్వాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేయడం. 5,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే కాబట్టి, 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పికి తోడు వాంతులు, తూలడం, అయోమయం మొదలైతే, హెచ్చరించే తోడు పక్కన ఉండదు గనుక, వెంటనే కిందికి దిగిపోవాలి.

నీడపడిన మలుపుల్లో తడిలా కనిపించేది గట్టి మంచుపొర కావచ్చు. అక్కడ ముందు బ్రేకు నొక్కకుండా, తక్కువ గేరులో నెమ్మదిగా సాగాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు పొంగుతాయి కనుక ఆలోగానే దాటాలి.

పొడి గ్లవ్స్ మరో జత, పంక్చర్ కిట్ తప్పనిసరి.