సీ64 మినీకి మామూలు కీబోర్డు

1982 నాటి కమోడోర్ 64 కంప్యూటరును సగం పరిమాణంలో చూపే ‘దిసీ64 మినీ’ ఎంత ముద్దుగా ఉన్నా, దాని మీటలు కేవలం అలంకారమే కాబట్టి, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు వరుసలు రాయాలన్నా తెరమీది అక్షరాలను జాయ్‌స్టిక్‌తో ఒక్కొక్కటిగా ఏరుకోవలసి వస్తుంది. ఉన్న రెండు యూఎస్‌బీ పోర్టులలో ఒకదానికి జాయ్‌స్టిక్, రెండవదానికి ఇంట్లో ఉన్న సాధారణ యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, మెనూలో బేసిక్‌ను ఎంచుకుంటే నేరుగా టైపు చేయవచ్చు. పెన్‌డ్రైవ్ కూడా కావాలనుకుంటే ఒక పోర్టును పలు పోర్టులుగా మార్చే చిన్న యూఎస్‌బీ హబ్ చాలు. అయితే పెన్‌డ్రైవ్‌ను ముందుగా ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే ఇన్ని పరికరాలకు అది చాలకపోవచ్చు, కనుక 5 వోల్టులు, కనీసం 1 ఆంపియర్ ఇచ్చే ఫోను చార్జరునే వాడండి.