ధ్యానం చేసినా గుబులు తగ్గడం లేదా?

సమస్య: శ్వాస మీద మనసు పెట్టినంతసేపూ హాయిగానే ఉంటుంది. లేవగానే గుండెదడ రెట్టింపవుతుంది. వరదల నెలల్లో గోదావరి లంకల్లో ఉండేవారికి ఇది తెలిసిన అవస్థే.

కారణం: భయాన్ని చూడటానికి కాకుండా, దాని నుంచి దాక్కోవడానికి కూర్చుంటున్నారు. పోవాలని కూర్చుంటే "పోయిందా, ఇంకా ఉందా" అని మనసు తడుముకుంటూనే ఉంటుంది. ఆ తడుముకోవడమే భయాన్ని తట్టి లేపుతుంది. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దంది. వాళ్ల వల్ల కాలేదు. తర్వాత ఆలోచించవచ్చు అన్నప్పుడు, మొదటే ఆ అనుమతి పొందినవారి కంటే ఎక్కువసార్లు దాన్ని తలచుకున్నారు.

పరిష్కారం: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కొలత చూసేవారు వరదను ఆపరు, ఎంత ఉంటే అంత చెబుతారు. మనసునూ అలాగే చూడండి. గొంతులో ముద్ద అడ్డుపడుతోందా? కడుపు బిగిసిందా? అరచేతులు చెమర్చాయా? "గట్టు తెగుతుందేమోనన్న ఆలోచన వచ్చింది" అని లోపల అనుకోండి. దాన్ని తరమవద్దు, దాని చుట్టూ కథ అల్లవద్దు. కాసేపయ్యాక, భయం ఇంకా ఉన్నా సరే, లేచి గొడ్లను మెరకకు తోలండి, పాసుపుస్తకాలు, మందులు ప్లాస్టిక్ సంచిలో కట్టండి. ఈ చివరి మెట్టు లేకపోతే మిగతాదంతా వృథా అని నా గట్టి నమ్మకం.

సమస్య: మనసు ప్రశాంతంగా ఉంది, కానీ రొయ్యల చెరువు అప్పు లెక్క నెలల తరబడి తెరవలేదు. మేత వ్యాపారి ఫోను చేస్తే ఎత్తబుద్ధి కాదు.

కారణం: అది ప్రశాంతత కాదు, వాయిదా.

పరిష్కారం: ఛాతీ బిగుస్తుండగానే పుస్తకం తెరిచి ఒక్క పేజీ చదవండి. బిగువు తగ్గాక చూద్దామనుకుంటే ఆ రోజు రాదు.

సమస్య: కళ్లు మూస్తే చాలు, 1996 నవంబరు తుపాను రాత్రి కళ్లముందుకు వస్తుంది.

పరిష్కారం: ఇక్కడ పట్టుదల వద్దు. కళ్లు తెరవండి, పాదాల కింది నేలను, చుట్టూ వినిపించే చప్పుళ్లను గమనించండి. తట్టుకోలేనిదాని నుంచి కాసేపు చూపు మరల్చడం తప్పించుకోవడం కాదు. నిద్ర, తిండి దెబ్బతింటుంటే ఒంటరిగా ధ్యానంతో నెట్టుకురావద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.