ఐరిష్ వంట, 3వ పాఠం: కోల్‌కానన్‌లోకి క్యాబేజీ

కోల్‌కానన్ అంటే మెదిపిన బంగాళాదుంపలో క్యాబేజీ, పాలు, వెన్న కలిపే ఐరిష్ వంటకం. కిందటి పాఠం దాని కోసం దుంప మెదపడం దగ్గర ఆగింది. చాలామందికి మెత్తని ముద్దకు బదులు గోడకు పోస్టరు అంటించే మైదా జిగురు వచ్చింది. ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాత క్యాబేజీ జోలికి వెళ్దాం.

ఉడికిన దుంపలో పిండి చిన్న చిన్న అరల్లో ఉబ్బి ఉంటుంది. పప్పుగుత్తితో మెదిపితే ఆ అరలు చాలావరకు పగలకుండా విడివడతాయి. మిక్సీ బ్లేడు వాటిని కోసేస్తుంది, లోపలి పిండి బయటికొచ్చి సాగుతుంది. సాగిన ముద్దను బాగుచేసే దారి లేదు. ఎన్ని పాలు పోసినా అది పల్చటి జిగురే. సూప్‌లో వేసుకుని మర్చిపోండి.

మిక్సీ ముట్టని వాళ్లకూ జిగురొచ్చిందంటే దుంపను అనుమానించండి. పల్చటి తొక్క కొత్త దుంపల్లో తేమ ఎక్కువ, అవి కూరకు బాగుంటాయి. మనకు కావలసింది ఉడికితే పొడిపొడిగా విచ్చే రకం. ఐర్లండ్‌లో ఉన్నవాళ్లకు రూస్టర్ గానీ కెర్స్ పింక్ గానీ ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఇండియాలో చిప్స్ కోసం పండించే చిప్సోనా దొరికితే వదలకండి. అనుమానంగా ఉంటే 11 కప్పుల నీళ్లలో ఒక కప్పు ఉప్పు కరిగించి పచ్చి దుంప వేయండి. పిండి దుంప మునుగుతుంది, తేమ దుంప తేలుతుంది.

ఇక ఈ వారం పని. కిలో దుంపలకు 400 గ్రాముల క్యాబేజీ, 6 ఉల్లికాడలు, 200 మి.లీ. పాలు, 100 గ్రాముల వెన్న. క్యాబేజీకి బదులు కేల్ అనే ఆకుకూర వేసే ఇళ్లూ ఉన్నాయి, అదీ సంప్రదాయమే. ముడతల ఆకుల సవాయ్ క్యాబేజీ ఉంటే నేను మరోదాని వైపు చూడను. నడిమి ఈనె తీసి, ఆకు సన్నగా తరిగి, మరిగే ఉప్పునీళ్లలో 5 నిమిషాలు ఉడికించి వార్చండి.

అసలు గొడవ ఇక్కడే. వార్చేశాం కదా అని అందరూ తిన్నగా దుంపలో కలిపేస్తారు. చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచినా మడతల మధ్య నీళ్లు దిగవు. కలిపిన రెండు నిమిషాలకు పళ్లెం అంచున పచ్చటి నీళ్లు ఊరతాయి. అది చూసి కంగారుగా ఇంకా కలుపుతారు. కలిపేకొద్దీ అరలు పగిలి, మిక్సీ వాడకుండానే మళ్లీ జిగురు! అంటే జిగురులో కొంత క్యాబేజీ తొందరపాటు పాపం కూడా.

మూత పెట్టి మగ్గబెట్టినా అంతే, మూతకు పట్టిన ఆవిరంతా తిరిగి ఆకులోకే కారుతుంది. ఫ్రీజర్లోంచి తీసిన కేల్ అయితే మరీ అన్యాయం, పిండినకొద్దీ నీళ్లు వస్తూనే ఉంటాయి. పాలు తగ్గిస్తే సరిపోతుందని కొందరి తెలివి. పాల రుచి పోయి క్యాబేజీ నీళ్ల రుచి మిగులుతుంది, అంతే లాభం. దారి ఒక్కటే. కాస్త చల్లారాక పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, చుక్క రాలనంత వరకు మెలిపెట్టి పిండండి. తర్వాత చెంచా వెన్నలో, మూత లేకుండా, చిటపట ఆగేదాకా వేయించండి.

దుంపలకు కూడా ఇదే న్యాయం. తొక్కతో ఉడికించి, వార్చిన గిన్నె మీద పొడి గుడ్డ కప్పి 5 నిమిషాలు ఉంచితే ఆవిరిని గుడ్డ పీల్చుకుంటుంది. తొక్క తీసి వేడిమీదే మెదపండి. తరిగిన ఉల్లికాడలను పాలలోనే కాచేస్తాను, ఒక గిన్నె తగ్గుతుంది. ఆ వేడి పాలు, సగం వెన్న పోసి, క్యాబేజీని చెక్క గరిటెతో కింది నుంచి పైకి పదిసార్లు తిప్పితే చాలు. ఉప్పు, తెల్ల మిరియాల పొడి. తాలింపు గురించి అడగొద్దు. నడుమ గుంట చేసి మిగతా వెన్న వేయండి. ప్రతి ముద్దా ఆ కరిగిన వెన్నలో అద్దుకుని తింటారు. అక్టోబర్ 31, హాలోవీన్ పండగ రాత్రికి వండితే ఇందులో ఉంగరం దాచే ఆచారం ఉంది, అది దొరికినవాళ్లకు పెళ్లి. దాచేవాళ్లు వెన్నకాగితంలో చుట్టి దాచండి, పళ్లు జాగ్రత్త.

అభ్యాసం: క్యాబేజీని రెండు వాటాలు చేసి, ఒకటి పిండి, ఒకటి పిండకుండా విడివిడిగా కలపండి. రెండూ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున 2 సెం.మీ. మందం బిళ్లలుగా చేసి, వెన్నలో ఒక్కో వైపు 5 నిమిషాలు కదపకుండా కాల్చండి. తిరగేసేటప్పుడు ఏది విరిగిందో చూడండి. పిండినది కూడా విరిగితే మీ గుడ్డలో ఇంకా నీళ్లున్నట్టే, మళ్లీ మొదలుపెట్టండి. గుడ్డ ఉతికి ఆరేయండి, వచ్చే పాఠం బాక్స్‌టీ అనే ఐరిష్ దుంప అట్టు, అందులో ఆ గుడ్డతోనే పచ్చి దుంప తురుము పిండాలి.