ఆన్‌లైన్ విమాన పోరు, పాఠం 4: బాంబర్ తోక పట్టుకోవద్దు

గత పాఠంలో గన్ కన్వర్జెన్స్‌ను, అంటే అన్ని గన్ల తూటాలూ ఒకచోట కలిసే దూరాన్ని, 300 మీటర్లకు పెట్టుకున్నాం. ఆ సెట్టింగ్ మార్చకండి, ఈ పాఠంలోని లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి.

కొత్తగా ఆడేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "బీ-17కి ఎన్ని తూటాలు తగిలినా పడదు, నేను మాత్రం రెండు దెబ్బలకే పోతున్నాను." బీ-17 అమెరికా నాలుగింజిన్ల బాంబర్, గట్టిదే, కాదనం. కానీ ఆ గట్టితనంలో సగం మీరు ఇస్తున్నదే. ఎలాగో చూద్దాం.

బాంబర్ గంటకు 290 కి.మీ. వేగంతో పోతోంది, మీరు 450తో దాని తోక వెనక చేరారు. ఇద్దరి వేగాల తేడా 160 కి.మీ., అంటే సెకనుకు సుమారు 44 మీటర్లు. 800 మీటర్ల దూరం నుంచి 200 మీటర్లకు చేరడానికి 13 సెకన్లకు పైగా పడుతుంది. అంతసేపూ గన్నర్ కళ్లకు మీరు కదలని చుక్క. తోకలోని రెండు గన్లే సెకనుకు 25 దాకా తూటాలు వదులుతాయి, ఆ 13 సెకన్లలో 300 దాటుతాయి. పై టరెట్ (తిరిగే గన్ గూడు), కింది టరెట్ కూడా మీ వైపు తిరిగితే ఇక చెప్పనక్కర్లేదు. గాలి కూడా వాళ్లకే సాయం చేస్తుంది. వెనక్కి పేల్చిన తూటా గాలిలో నడిచే వేగం బాంబర్ వేగమంత తగ్గుతుంది కాబట్టి దాన్ని గాలి తక్కువగా ఆపుతుంది. ముందుకు పేల్చిన మీ తూటాకు మీ వేగం కలుస్తుంది, గాలి నిరోధం కూడా ఆ మేరకు పెరుగుతుంది. పైగా మీది జర్మన్ ఫైటర్ బీఎఫ్ 109 లాంటి, నీళ్లతో చల్లబడే ఇంజిన్ ఉన్న విమానమైతే రేడియేటర్‌కు ఒక్క తూటా చాలు, కొద్ది నిమిషాల్లో ఇంజిన్ ఆగిపోతుంది.

ఇది ఆటల్లో పుట్టిన సమస్య కాదు, రెండో ప్రపంచ యుద్ధంలోనిదే. వెనక నుంచి కొడితే బీ-17ను కూల్చడానికి 20 మి.మీ. షెల్స్ సగటున 20 దాకా తగలాలని జర్మన్ వైమానిక దళం అంచనా వేసుకుంది. 30 మి.మీ. ఫిరంగి ఎంకే 108 షెల్స్ అయితే మూడో నాలుగో చాలు. ముక్కు వైపు నుంచి కొడితే 20 మి.మీ. షెల్స్ కూడా నాలుగైదు సరిపోతాయి, ఎందుకంటే అక్కడ పైలట్లు ఉంటారు, కవచం తక్కువ. 1942 నవంబర్‌లో జర్మన్ పైలట్ ఎగోన్ మేయర్ దళం ఎదురుదాడి, అంటే ముఖాముఖిగా వచ్చి కొట్టడం, మొదలుపెట్టింది అందుకే. దానికి జవాబుగానే బీ-17జీ ముక్కు కింద గడ్డం టరెట్ వచ్చింది.

అయితే ఎదురుదాడిని మొదట నేర్చుకోమని మేం చెప్పం. రెండు వేగాలూ కలిస్తే సెకనుకు సుమారు 205 మీటర్లు. 500 దగ్గర మొదలుపెట్టి 200 దగ్గర ఆపితే మీకు దొరికేది సెకనున్నర కంటే తక్కువ. అర సెకను ఆలస్యమైతే ఢీకొంటారు. చేయి తిరిగాక ప్రయత్నించండి. ఈ పాఠంలో నేర్చుకునేది పైనుంచి దూకే దాడి.

బాంబర్ కంటే 1200 మీటర్ల ఎత్తున, గన్నర్లకు అందనంత పక్కగా, దాన్ని దాటి రెండు కిలోమీటర్లు ముందుకు వెళ్లండి. వెనక్కి తిరిగి, బాంబర్‌కు ఎదురుగా రండి. వేగం 350 దగ్గర ఉంచండి. బాంబర్ మీ ముక్కు కింద 45 డిగ్రీల కోణంలో కనిపించగానే విమానాన్ని తలకిందులు చేయండి. ఇప్పుడు తల పైకెత్తితే కానోపీ (కాక్‌పిట్ గాజు కప్పు) లోంచి బాంబర్ కనిపించాలి. కనిపించకపోతే తొందరపడ్డారు లేదా ఆలస్యం చేశారు. అప్పుడు దాడి మానేసి మళ్లీ మొదలుపెట్టండి. కనిపిస్తే థ్రాటిల్ సగానికి తగ్గించి స్టిక్ వెనక్కి లాగండి. ముక్కు నేల వైపు తిరుగుతుంది. అక్కడ ఆపకుండా ఇంకాస్త లాగితే బాంబర్ వెళ్తున్న దిశలోకే వస్తుంది. గన్‌సైట్‌ను బాంబర్ ముక్కుకు ముందు పెట్టండి.

ఎంత ముందు? ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎంకే 108 షెల్ గన్ నుంచి వెలువడే వేగం సెకనుకు 540 మీటర్లే. మీ వేగం కలుపుకున్నా 300 మీటర్లు దాటడానికి దాదాపు అర సెకను కావాలి. ఆ లోపు బాంబర్ 40 మీటర్లు జరిగిపోతుంది. బీ-17 పొడవు 22.7 మీటర్లు. అంటే దాదాపు రెండు విమానాల పొడవు ముందుకు గురి పెట్టాలి. 20 మి.మీ. ఫిరంగి ఎంజీ 151/20 అయితే ఒకటింబావు పొడవు చాలు. వార్ థండర్ ఆటలో ఆర్కేడ్ మోడ్‌లో లీడ్ గుర్తు (ఎంత ముందుకు గురి పెట్టాలో చూపే గుర్తు) తెర మీదే కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుని అలవాటు పడితే రియలిస్టిక్ మోడ్‌లో ప్రతి తూటా తోక వెనక పోతుంది. అందుకే పొడవుల లెక్క మొదటినుంచీ కంటికి అలవాటు చేయాలి.

400 మీటర్ల దగ్గర ట్రిగ్గర్ నొక్కండి, 150 దగ్గర వదిలేయండి. ఈ మధ్య గడిచేది సెకనున్నర, మహా అయితే రెండు సెకన్లు. నిట్టనిలువుగా పైకి తిరిగే గన్లు ఏ బాంబర్‌లోనైనా కొన్నే. వాటి గన్నర్లకు కూడా మీరు నిలకడగా కనిపించరు. షెల్స్ తగలాల్సింది విమానం నడుమ మీద కాదు, రెక్క మొదలు మీద. ఇంధనం ట్యాంకులు, లోపలి ఇంజిన్లు, రెక్కను మోసే దూలం అన్నీ ఆ రెండు మూడు మీటర్లలోనే ఉంటాయి. నడుము చాలావరకు ఖాళీ గొట్టం, షెల్స్ చిల్లులు చేసి పోతాయి.

దాటేటప్పుడు తోక వెనగ్గా దాటండి. బాంబర్ వెళ్తున్న దిశలోనే, కాస్త పక్కకు వాలి, కిందికే సాగండి. ఒకటిన్నర కిలోమీటర్లు ముందుకు పోయాకే ఎక్కడం మొదలుపెట్టండి. వెనక్కి తిరగాలనిపిస్తుంది, తిరగొద్దు. ఎక్కేటప్పుడు మీ వేగం కూడా 280 దగ్గరే ఉంటుంది, అది దాదాపు బాంబర్ వేగమే. వెనకబడితే మళ్లీ ముందుకు చేరలేరు, ఓపిక నశించి తోక వెనకే చేరతారు. ముందుంటే మాత్రం రెండు నిమిషాల్లో ఎత్తు తిరిగి వస్తుంది.

ఇందులో చెడేవి మూడు. థ్రాటిల్ తగ్గించకపోతే 600 దాటాక బీఎఫ్ 109 స్టిక్ బిగుసుకుంటుంది, గురి ముందుకు రాదు. జపాన్ ఫైటర్ జీరో అయితే 400 దాటాక పక్కకు దొర్లడానికే మొరాయిస్తుంది. రెండోది, దూకుతుండగా బాంబర్ మీ వైపు మలుపు తీసుకోవడం. తెలివైన పైలట్ తప్పకుండా ఆ పని చేస్తాడు. గురి తప్పిందనిపిస్తే సరిదిద్దుకోవడానికి వేలాడకుండా దాటిపోండి. మూడోది, 800 మీటర్ల నుంచే పేల్చడం. బీఎఫ్ 109 ముక్కులోని ఎంకే 108కి ఉండేది 65 షెల్స్, ఆరు సెకన్లలో అయిపోతాయి.

బాంబర్‌ను బట్టి గురి మారుతుంది. జపాన్ బాంబర్ జీ4ఎం1 రెక్కల్లోని ట్యాంకులకు రక్షణ లేదు, నిప్పంటించే తూటాల బెల్ట్ పెట్టుకుని రెక్కను తాకితే చాలు. జర్మన్ బాంబర్ హెచ్‌ఈ 111 ఇంజిన్లు నీళ్లతో చల్లబడతాయి, ఒక ఇంజిన్ రేడియేటర్ పగలగొట్టి వదిలేస్తే సగం బలం పోయినట్టే. బీ-17వి గాలితో చల్లబడే ఇంజిన్లు, అవి దెబ్బలు తిని కూడా తిరుగుతాయి. అందుకే దాని విషయంలో రెక్క మొదలు తప్ప వేరే గురి వద్దు.

ఈ వారం అభ్యాసం: ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ ఆటలో క్విక్ మిషన్ పెట్టుకుని ఒంటరి బాంబర్‌ను ఎదురుగా ఉంచండి. మొదటి పది దాడుల్లో ట్రిగ్గర్ ముట్టుకోకండి. తలకిందులయ్యే క్షణం, 150 దగ్గర దాటే దారి మాత్రమే చూసుకోండి. పదింట్లో ఏడుసార్లు తోక వెనగ్గా శుభ్రంగా దాటగలిగితే అప్పుడు పేల్చండి, రికార్డింగ్‌లో షెల్స్ ముందు పడుతున్నాయో వెనక పడుతున్నాయో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠంలో మనం గన్నర్ సీట్లో కూర్చుని ఇదే దాడిని చెడగొట్టడం నేర్చుకుంటాం.