పిల్లల లంచ్ బాక్సుకు కీమా ఉండలు – రెండో పాఠం: కలపడం నుంచి ఫ్రీజర్ దాకా

మొదటి పాఠంలో కీమా ఎంచుకోవడం చూశాం. చికెన్ అయితే రొమ్ము మాంసంతో పాటు తొడ మాంసం కూడా కలిసినది, మటన్ అయితే కొవ్వంతా తీసేయనిది తీసుకోవాలని చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ కీమాను కలిపి, చుట్టి, ఉడికించి, ఫ్రీజర్‌లో పెట్టేదాకా నేర్చుకుందాం. బాక్సులో సర్దడం మూడో పాఠంలో వస్తుంది.

ఈ ఉండల్ని పిల్లలు పొయ్యి మీంచి దించగానే తినరు. ఒకసారి గడ్డకట్టి, కరిగి, బాక్సులో నాలుగైదు గంటలు ఉన్నాక తింటారు. వేడివేడిగా ఉన్నప్పుడు ఏ ఉండైనా బాగానే అనిపిస్తుంది, ఎందుకంటే కరిగిన కొవ్వు దాన్ని మెత్తగా చూపిస్తుంది. చల్లారితే ఆ కొవ్వు గట్టిపడి, మాంసం బిగుసుకుంటుంది. అప్పుడు మెత్తదనమంతా లోపల నిలిచిన నీటిదే. అందుకే ఈ పాఠంలో చేసే ప్రతి పనీ ఆ నీటి కోసమే. ఉండాల్సిన నీటిని పట్టి ఉంచాలి, అక్కర్లేని నీటిని ముందే పిండేయాలి.

కావలసినవి

చికెన్ కీమా 500 గ్రాములు
ఓట్స్ 40 గ్రాములు, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి రవ్వలా చేసినవి
పాలు 80 మిల్లీలీటర్లు
గుడ్డు 1
క్యారెట్ తురుము 100 గ్రాములు
ఉల్లిపాయ చిన్నది 1, వెల్లుల్లి రెబ్బలు 2
సన్న ఉప్పు 4 గ్రాములు, అంటే టీస్పూన్‌కు ముప్పావు వంతు కన్నా కాస్త తక్కువ
మిరియాల పొడి పావు టీస్పూన్
నూనె 2 టీస్పూన్లు

వీటితో 25 గ్రాముల చొప్పున 30 ఉండలు వస్తాయి. నాలుగు ఉండలు తిన్న పిల్లకు మనం వేసిన ఉప్పులో అర గ్రాము మాత్రమే అందుతుంది. చల్లటి తిండిలో ఉప్పు నాలుకకు తక్కువగా తెలుస్తుంది కాబట్టి ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది. వేయకండి. ఆ లోటును ఎర్రగా వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి తీరుస్తాయి. ఓట్స్ కూడా మసాలా కలిపిన ప్యాకెట్లు వద్దు, వాటిలో ఉప్పు ముందే ఉంటుంది.

ముందు పాల ముద్ద

ఓట్స్ రవ్వలో పాలు పోసి, ఉప్పు, మిరియాల పొడి వేసి కలిపి 10 నిమిషాలు వదిలేయండి. చెంచాతో ఎత్తితే జారిపోకుండా, గరిటెకు అంటుకునే చిక్కటి జావలా ఉండాలి. మొత్తం తయారీలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఓట్స్‌లోని పిండిపదార్థం పాలను పీల్చుకుని మాంసం పోగుల మధ్య చేరుతుంది. వేడి తగిలి మాంసకృత్తులు ఒకదాన్నొకటి లాక్కుని బిగుసుకుంటుంటే మధ్యలో ఇది అడ్డుపడుతుంది, అవి వదిలే రసాన్ని కొంత తాను పట్టుకుంటుంది. ఓట్స్‌ను పొడిగానే కీమాలో కలిపితే సరిగ్గా తలకిందులవుతుంది. అవి మాంసంలోని తడినే లాగేస్తాయి, మర్నాటికి ఉండలు పొడిపొడిగా రాలతాయి.

ఉప్పు పాల ముద్దలో ఎందుకంటే, అది అన్ని వైపులకూ సమానంగా చేరాలి, దానికోసం కీమాను ఎక్కువసేపు పిసకాల్సిన అవసరం రాకూడదు. కీమాలో నేరుగా ఉప్పు వేసి పిసికితే మాంసంలోని ఒక రకం మాంసకృత్తులు కరిగి బయటికొచ్చి జిగురవుతాయి. సాసేజ్‌కు ఆ జిగురే కావాలి. ఇక్కడ మాత్రం అదే ఉండను రబ్బరు చేస్తుంది.

పాలు పడని పిల్లలకు నీళ్లు లేదా ఉప్పు లేని చికెన్ ఉడికిన నీళ్లు పోయవచ్చు. గుడ్డు పడకపోతే ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి వాడండి. ఉండ కొంచెం పెళుసుగా వస్తుంది కానీ నిలుస్తుంది.

కూరగాయల్లో నీరు

పచ్చి క్యారెట్ తురుమును అలాగే వేసేవాళ్లు ఎక్కువ. ఉడికించిన రోజు ఏ తేడా తెలియదు. ఫ్రీజర్‌లో పెట్టాక కూరగాయలోని నీరు మంచు ముక్కలై తురుము గోడల్ని చీలుస్తుంది, కరిగినప్పుడు ఆ నీరంతా కారుతుంది. బాక్సు అడుగున మడుగు, ఉండలో చిన్న చిన్న గుంతలు మిగులుతాయి. కాబట్టి సన్నగా తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లిని నూనెలో ఎర్రబడేదాకా వేయించి, క్యారెట్ తురుము వేసి మధ్యస్థమైన మంట మీద నాలుగైదు నిమిషాలు తిప్పండి. గిన్నెలో నుంచి ఆవిరి రావడం తగ్గి, తురుము సగానికి కుంగితే చాలు. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి తురుము కీమాలో పడితే కొవ్వు కరిగి ముద్ద జిడ్డు కడుతుంది, చుట్టడానికి రాదు.

పాలకూర వాడితే మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి, చల్లటి నీళ్లలో వేసి, పిడికిట్లో గట్టిగా పిండి, ఆ తర్వాత తరగండి. 200 గ్రాముల ఆకు గుప్పెడంత అవుతుంది. పుట్టగొడుగులైతే నీరంతా ఇగిరేదాకా వేయించాలి, వాటిలో నీరు మనం అనుకున్నదానికంటే ఎక్కువ. ఏ కూరగాయైనా నీరు పోయాక 100 గ్రాములు దాటకుండా చూసుకోండి. ఆరోగ్యం కోసమని ఇంకా పెంచితే పట్టు తప్పి ఉండ విడిపోతుంది.

కలపడం

కీమా ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి. వెడల్పాటి గిన్నెలో పాల ముద్ద, కొట్టిన గుడ్డు, చల్లారిన కూర ముందుగా బాగా కలిపేయండి. వాటిని ఎంత కలిపినా నష్టం లేదు. చివర్లో కీమా వేసి, వేళ్లు విడదీసి, దువ్వెనతో దువ్వినట్టు అటూ ఇటూ కలపండి. అరచేత్తో అదమకండి. 40 సెకన్ల నుంచి నిమిషంలోపు పని అయిపోవాలి. అక్కడక్కడా క్యారెట్ ఎక్కువ తక్కువగా కనిపించినా పరవాలేదు. ముద్ద దారాల్లా సాగుతూ గిన్నె అంచుకు అంటుకుంటోందంటే ఎక్కువ కలిపేశారు, ఇక దాన్ని వెనక్కి తేలేం.

కలిపిన ముద్దను మూతపెట్టి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా రూపాయి బిళ్లంత ముక్క తీసి పెనం మీద పూర్తిగా ఉడికించి రుచి చూడండి. కాస్త చల్లారనిచ్చి చూస్తేనే ఉప్పు సంగతి నిజంగా తెలుస్తుంది. పచ్చి ముద్దను ఎప్పుడూ నాలుక మీద వేసుకోకండి. పచ్చి కీమా తాకిన చేతులు, చెంచాలు, గట్టు సబ్బుతో కడగండి.

చుట్టడం

మొదటి ఉండ త్రాసు మీద పెట్టి 25 గ్రాములు చూసుకోండి. అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మిగతావి దాని పక్కన పెట్టి చుట్టండి. ఒకటి 20, ఇంకొకటి 35 గ్రాములైతే పెద్దది ఉడికేసరికి చిన్నది ఎండిపోతుంది. చేతులు తడి చేసుకుని, రెండు అరచేతుల మధ్య తేలిగ్గా ఐదారు సార్లు తిప్పితే చాలు. సరైన ముద్దను వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది, అంచులు చిట్లవు. చిట్లితే తడి తక్కువైంది, ఒక చెంచా పాలు కలపండి. ట్రేలో పెట్టగానే దోసెలా పరుచుకుంటే తడి ఎక్కువైంది, ఒక చెంచా ఓట్స్ రవ్వ కలిపి మళ్లీ 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఐదేళ్లలోపు పిల్లలకు గుండ్రటి ఉండ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్లకు చుట్టాక నొక్కి బిళ్లల్లా చేయండి, లేదా బాక్సులో పెట్టేటప్పుడు నాలుగు ముక్కలు చేయండి.

ఉడికించడం

ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు పూర్తిగా వేడెక్కించండి. ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి, ఉండల మధ్య రెండు వేళ్ల సందు వదిలి, మధ్య అరలో 14 నుంచి 16 నిమిషాలు ఉంచండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌కు 180 చాలు. ఓవెన్ లేకపోతే ఆవిరి మీద 12 నిమిషాలు, లేదా మూతపెట్టిన పెనంలో మధ్యస్థమైన మంట మీద తిప్పుతూ 10 నిమిషాలు.

ఉడికిందో లేదో రంగు చూసి నిర్ణయించకండి. కీమా ఉడకకుండానే గోధుమ రంగుకు తిరగవచ్చు, పూర్తిగా ఉడికినా గులాబీ ఛాయ మిగలవచ్చు. పెద్ద ఉండ నడిమధ్య థర్మామీటర్ గుచ్చి చూడండి. చికెన్ కీమాకు 74 డిగ్రీలు, మటన్ లేదా బీఫ్ కీమాకు 71 డిగ్రీలు రావాలి. వచ్చిన వెంటనే బయటికి తీయండి. పక్కనుంచి తెల్లటి నురగలాంటి పదార్థం బాగా కారి గడ్డకట్టిందంటే సమయం మించింది.

నూనెలో వేయించి కరకరలాడే పైపొర తేవాలని చాలామందికి ఉంటుంది. అప్పుడే తినేవాళ్లకైతే అది బాగుంటుంది. బాక్సులో మాత్రం అదే పొర తడి పీల్చుకుని తోలులా సాగుతుంది. ఆరేడేళ్ల పిల్లలకు ముందు పాలపళ్లు ఊడుతుంటాయి, ఆ పొరను కొరకలేక పక్కన పెట్టేస్తారు. లేత గోధుమ రంగు దగ్గరే ఆపండి. ఒక ఉండను కోసి చూస్తే లోపల సన్నటి రంధ్రాలతో, నొక్కితే అంచున తడి మెరవాలి. గాటు నున్నగా, మైనం కోసినట్టు కనిపిస్తే ఎక్కువ కలిపారని అర్థం.

చల్లార్చి, గడ్డకట్టించడం

తిండి విషయంలో పొరపాటు జరిగితే ఎక్కువ నష్టం ఇక్కడే. కీమాలో ఉండే క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. తిండి గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే అవి మేల్కొని చాలా వేగంగా పెరుగుతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గడిపే సమయాన్ని తగ్గించడమే దారి. ఉండల్ని గిన్నెలో కుప్పగా పోయకండి, కుప్ప నడుమ వేడి గంటల తరబడి నిలుస్తుంది. జాలీ మీద ఒకే వరుసలో, మూత లేకుండా పరిస్తే అరగంటలో చేతికి చల్లగా తగులుతాయి. ఉడికిన రెండు గంటల్లోపు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపు, ఫ్రిజ్‌కో ఫ్రీజర్‌కో చేరాలి. వేడి మీదే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీరై, ఆ నీరు మంచై ఉండలన్నిటినీ ఒకే ముద్దగా అతికిస్తుంది.

చల్లారినవాటిని పేపర్ పరిచిన ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, రెండు గంటలు ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వండి. తర్వాత జిప్ కవర్లలో వేసి, గాలంతా అరచేత్తో నొక్కి తీసి, తేదీ రాసి, ఫ్రీజర్‌ను మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచండి. గాలి మిగిలితే ఉండ పైభాగం ఎండి బూడిద రంగు మచ్చలు పడతాయి. హాని లేదు, రుచి మాత్రం పీచులా ఉంటుంది. రెండు నెలల్లో వాడేస్తే రుచి బాగుంటుంది. ఫ్రిజ్‌లోనైతే మూడు నాలుగు రోజులే. బయటికి తీయాలనుకున్న ముందు రాత్రి కావలసిన ఉండలే ఫ్రిజ్‌లోకి మార్చండి, గట్టు మీద కరగనివ్వకండి.

ఈ వారం అభ్యాసం

300 గ్రాముల కీమాను మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో చిటికెడు ఉప్పు మాత్రమే. రెండోదానిలో 8 గ్రాముల ఓట్స్, 16 మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పుతో చేసిన పాల ముద్ద వేసి 40 సెకన్లు కలపండి. మూడోది రెండోదానిలాగే, కానీ మూడు నిమిషాలు పిసకండి. ఒక్కో భాగం నాలుగు ఉండలు చేసి, ఒకే ట్రేలో ఉడికించి, చల్లార్చి, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాడు ఫ్రిజ్‌లో కరిగించి, వేడి చేయకుండా ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసి, మధ్యకు కోసి తినండి. గాటు ఎలా ఉంది, ఎన్నిసార్లు నమలాల్సి వచ్చింది, పళ్లెంలో నీరు ఊరిందా అన్నది ఒక కాగితం మీద రాయండి. మూడో పాఠంలో వేడి ఫ్లాస్కుకు, చల్లటి బాక్సుకు వేర్వేరుగా ఉండలు సిద్ధం చేసేటప్పుడు ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.