గోడకు రంధ్రం వేసేటప్పుడు దుమ్మును పుట్టిన చోటే పట్టండి
తిరుపతి ఇళ్లలో గీజరో, శ్రీవారి పటమో బిగించడానికి హ్యామర్ డ్రిల్ పట్టేవారు, కాంక్రీటు నుంచీ గ్రానైటు నుంచీ లేచే దుమ్ములో సిలికా ఉంటుందనీ, అందులోని అతి సన్నని రేణువులు కంటికి కనబడకుండానే ఊపిరితిత్తుల లోతుకు చేరి, ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిపెట్టగలవనీ గుర్తుంచుకోవాలి. కాబట్టి వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతిని రంధ్రానికి సరిగ్గా కింద, గోడకు ఆనించి ఒకరు పట్టుకుని ఉండగా మరొకరు డ్రిల్ నడపడం మేలు. బిట్టు తిరుగుతూ ఉండగానే మధ్యమధ్యలో కొద్దిగా వెనక్కి లాగితే, గాడుల్లో ఇరుక్కున్న పొడి బయటికి వచ్చి నేరుగా గొట్టంలోకి పోతుంది. ఆ వాక్యూమ్‌కు అతి సన్నని రేణువులనూ పట్టే హెపా ఫిల్టరు ఉండి తీరాలి; లేకపోతే సన్నని దుమ్ము వెనుక నుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. ఎన్95 మాస్కు ఎలాగూ తప్పదు. మిగిలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.