ఇంట్లో పుట్టగొడుగుల పెంపకం: సంచి కట్టే ముందే చూసుకోవాల్సినవి

- ముందు అమ్మకం సంగతి తేల్చుకోండి. కోసిన ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు బయట ఉంచితే ఒకట్రెండు రోజుల్లోనే వాడిపోతాయి. కొనేవాళ్లతో మాట్లాడకుండా వంద సంచులు (వరిగడ్డి, విత్తనం నింపి పంట తీసేవి) కట్టకండి, పది చాలు.

- కాలాన్ని బట్టి రకం. ముత్యపు చిప్పకు 20–30 డిగ్రీలు కావాలి. మన ఎండాకాలంలో పాల పుట్టగొడుగులే మేలు.

- విత్తనం (స్పాన్) తాజాది తీసుకోండి. ఇది ధాన్యపు గింజల మీద పెంచినది, ఆ గింజల చుట్టూ తెల్లటి బూజు ఒత్తుగా పట్టి ఉండాలి. పచ్చ, నలుపు మచ్చ ఒక్కటి కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా ఆ ప్యాకెట్ వద్దు.

- అసలు పంటంతా గడ్డి దగ్గరే తేలిపోతుంది. వానకు తడిసి నల్లబడ్డ వరిగడ్డి ఎంత చౌకగా వచ్చినా వద్దు. ముక్కలు కోసి, రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటకు తగ్గకుండా ఉంచి, నీడలో ఆరబెట్టండి. గుప్పెడు గట్టిగా పిండితే అరచేయి తడవాలి, చుక్క మాత్రం రాలకూడదు. చుక్క రాలితే ఇంకాసేపు ఆరనివ్వాల్సిందే, తొందరపడి విత్తనం వేస్తే సంచి కుళ్లిపోతుంది.

- గదికి ఈగలు దూరని సన్న వల, గాలి ఆడే కిటికీ, కడగడానికి వీలైన నేల.

- పడగ్గదిలో మాత్రం పెట్టకండి, దయచేసి. పుట్టగొడుగులు విప్పారాక రాలే స్పోర్లు (కంటికి ఆనని సన్నటి బీజాలు) దగ్గు, ఆయాసం తెస్తాయి. కోతకు వెళ్లేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే వేరే షెడ్డు చూసుకోండి.

- ప్యాక్ చేసి అమ్మేట్టయితే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ముందే చేయించండి.